యాభై రోజుల సెలవులు, ఇంట్లో ఇద్దరు టీనేజర్లు: మీరంతా ఏం చేస్తున్నారు?

బెజవాడ_అమ్మ • ఏప్రిల్ 26, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మావాడు పది రాశాడు, పదిహేనేళ్లు, పరీక్షలయ్యి నెల కావొస్తోంది. పాపకి పదమూడు, ఎనిమిది పూర్తయింది. బడి మళ్లీ తెరిచేది జూన్ 12న. మేమిద్దరం ఉద్యోగాలకు పోతాం, పొద్దున తొమ్మిదికి తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టి వెళ్తే ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. మావాడు పదకొండింటికి లేస్తాడు, లేచీ లేవగానే ఫోన్. నేను వండి పెట్టిన అన్నం సాయంత్రానికి గిన్నెలో అలాగే ఉంటుంది, చెత్తబుట్టలో మాత్రం నూడుల్స్ ప్యాకెట్లు. పాప రీల్స్ జోలికి పోదు (అదొక్కటే సంతోషం), కానీ రోజంతా గది తలుపేసుకుని బొమ్మలు గీసుకుంటుంది, పలకరిస్తే విసుక్కుంటుంది.

మా ఆయనేమో వాడిని జూనియర్ కాలేజీ బ్రిడ్జి కోర్సులో పడేద్దాం అంటున్నారు, పద్దెనిమిది వేలట. నాకు మనసొప్పడం లేదు. పదేళ్లు బళ్లో కూర్చున్నాడు, ఇంకో రెండేళ్లు ఇంటర్‌లో ఎలాగూ కదలనివ్వరు, మధ్యలో ఉన్న ఈ నెలన్నర కూడా లాక్కోవాలా అనిపిస్తుంది. అలాగని ఫోన్‌కి అప్పగించి ఊరుకోలేను. మీ ఇళ్లల్లో నిజంగా పనిచేసినవి చెప్పండి. యూట్యూబ్‌లో చెప్పే పది చిట్కాలు నేనూ చూశాను.

హనుమకొండ_అక్క • ఏప్రిల్ 26, రాత్రి 11:15

నిరుడు నేను టైమ్‌టేబుల్ రాసి ఫ్రిజ్‌కి అంటించిన. ఆరింటికి లేవాలె, యోగా, పేపర్ చదవాలె, ఇట్ల రాత్రి దాకా. మూడో రోజుకే దాని మీద మావోడు మీసాలు గీసిండు. నిజం చెప్పాలంటే ఆ టైమ్‌టేబుల్ నేను కూడా పాటించలేను.

తర్వాత పనిచేసింది ఒకటే, పొద్దున స్టేడియం. వాలీబాల్. ఆరింటికి వెళ్లి ఎనిమిదికి వచ్చేవాడు, అలసిపోయి మధ్యాహ్నం పడుకునేవాడు, రాత్రి పదిన్నరకి నిద్ర దానంతట అదే వచ్చేది. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ వాళ్లు ఏటా వేసవి శిబిరాలు పెడతారు, ఫీజు నామమాత్రం. విజయవాడలో కూడా స్టేడియంకి వెళ్లి అడగండి, ప్రైవేటు క్యాంపులకు వేలు పోసే ముందు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, ఒక్కడినే పంపితే నాలుగో రోజు పోడు. దోస్తు ఒకడు ఉండాలె.

చాక్‌పీస్ • ఏప్రిల్ 27, ఉదయం 6:05

నేను ఇంటర్ లెక్చరర్‌ని, ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెప్తున్నాను, ప్రైవేటులోనే. కాబట్టి ఇది లోపలి మాట అనుకోండి. ఇంటర్ బోర్డు ఏటా సెలవుల్లో తరగతులు పెట్టొద్దని కాలేజీలకు చెప్తుంది, అయినా బ్రిడ్జి కోర్సు పేరుతో నడుస్తూనే ఉంటాయి. అక్కడ చెప్పేది ఏంటంటే కొంచెం త్రికోణమితి, కొంచెం వర్గ సమీకరణాలు, భౌతికశాస్త్రంలో ప్రమాణాలు. జూన్‌లో మేము మళ్లీ మొదటి నుంచి అదే చెప్తాం, ఎందుకంటే సగం మంది అప్పుడే చేరతారు. పిల్లవాడు మేలో విన్నది జూన్‌లో మళ్లీ విని 'నాకొచ్చు' అని కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంటాడు. అసలు పాఠం మొదలయ్యేది జూలైలో, అప్పటికి ఆ చూపు అలవాటైపోతుంది.

పునాది గట్టిగా లేదు అనుకుంటే పదో తరగతి లెక్కల పుస్తకమే మళ్లీ తీయించండి, రోజుకి నలభై నిమిషాలు, ఆదివారం వద్దు. అంతే.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. ఇంటర్‌లో చేరేటప్పుడు కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం తల్లిదండ్రులు జూన్‌లో సెలవు పెట్టి పరుగెడతారు. ఆ పని ఇప్పుడే మీవాడికి అప్పగించండి. వార్డు సచివాలయానికి వాడే వెళ్లి ఏమేం కావాలో అడిగి, జిరాక్సులు తీయించి, అర్జీ నింపాలి. సంతకం వరకే మీరు. పదిహేనేళ్లు నిండాయి కదా, ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప మళ్లీ ఇవ్వాల్సిన వయసు కూడా ఇదే, పదిహేడు నిండేలోపు ఇస్తే రుసుము ఉండదు. మా అబ్బాయి మొదటిసారి వెళ్లి ఫోటో మర్చిపోయి తిరిగొచ్చాడు, రెండోసారి లంచ్ టైమ్‌కి వెళ్లాడు, మూడోసారికి పని చేసుకొచ్చాడు.

పూతరేకు • ఏప్రిల్ 27, ఉదయం 9:20

పాపకి వంట నేర్పించండి అండి, ఈ వయసులో పట్టుకుంటే పట్టుబడుతుంది. బాబుకి కోడింగ్ పెట్టండి, ఆన్‌లైన్‌లో ఉచితంగా పైథాన్ బోలెడు దొరుకుతుంది.

హనుమకొండ_అక్క • ఏప్రిల్ 27, ఉదయం 9:31

అదేంది, పాపకి వంట, బాబుకి కోడింగ్? నూడుల్స్ తిని బతుకుతున్నది బాబు. వంట వాడికే కదా కావాల్సింది.

పూతరేకు • ఏప్రిల్ 27, ఉదయం 9:48

అలా అని కాదండి, అలవాటులో వచ్చేసింది. సరే, ఇద్దరికీ రెండూ.

గోదారోడు • ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:10

మాది కడియపులంక, నర్సరీ. మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఉంటాడు, నిరుడు మే మొదట్లో మా అక్క వాడిని తెచ్చి 'నీ దగ్గర ఉంచుకోరా, నాకు బీపీ వస్తోంది' అని వదిలేసి వెళ్లింది. మొదటి రోజు వాడు వైఫై ఎక్కడ అన్నాడు. లేదన్నాను. ఉంది గానీ లేదన్నాను, మీలో మాట.

మా దగ్గర ఎండాకాలం పని పొద్దున, సాయంత్రమే. తెల్లారి ఐదున్నరకి తడులు మొదలు, తొమ్మిదికల్లా నీడకి చేరిపోవాలి. సంచుల్లో మట్టి, పశువుల ఎరువు కలిపి నింపడం, కలుపు తీయడం, మొక్కలు లెక్కపెట్టి రకాల వారీగా రాయడం. వానలు పడగానే ఆర్డర్లు మీద పడతాయి, అందుకని మేలోనే లెక్క తేలాలి. వాడికి లెక్క అప్పజెప్పాను. ఏ మడిలో ఎన్ని బంగినపల్లి, ఎన్ని సువర్ణరేఖ, ఎన్ని కొత్తపల్లి కొబ్బరి అని ఒక నోటుపుస్తకం. మొదటి రెండు రోజులు తప్పులు, నేనేం అనలేదు. మూడో రోజు లారీ వచ్చింది, వాడి లెక్క నమ్మి నేను డ్రైవర్‌కి నాలుగొందల మొక్కలు అని చెప్పాను, తీరా చూస్తే మూడొందల అరవై. అందరి ముందూ అడగలేదు గానీ వాడి మొహం వాడిపోయింది. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండా వెళ్లి మొత్తం తోట మళ్లీ లెక్కపెట్టుకొచ్చాడు. అక్కడి నుంచి ఫోన్ ఊసు లేదు.

రోజుకి రెండొందలు ఇచ్చాను. అసలు రహస్యం అదేనేమో.

కాయితాల_కనకం • ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2:02

గోదారోడు గారూ, బాగుంది గానీ పిల్లలతో పని చేయించడం చట్టరీత్యా తప్పు కాదా? ఎవరైనా ఫోటో తీసి పెడితే?

గోదారోడు • ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2:30

అడగాల్సిన ప్రశ్నే. 2016లో మార్చిన చట్టం ప్రకారం పద్నాలుగు లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, బడి అయ్యాకో సెలవుల్లోనో సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చు, అదీ ప్రమాదం లేని పని అయితేనే. పద్నాలుగు నుంచి పద్దెనిమిది వాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మావాడికి అప్పటికి పదహారు. పురుగుమందుల గది తాళం నా మొలతాడుకే ఉంటుంది, మోటారు దగ్గరికి రానివ్వను.

నిద్రమత్తు16 • ఏప్రిల్ 28, రాత్రి 12:55

ఆంటీలు, అంకుల్స్ అందరికీ. నేను ఇంటర్ ఫస్టియర్ రాశాను, అమ్మ అకౌంట్‌తో చదువుతూ ఉంటే ఇక రాయకుండా ఉండలేక సొంతంగా ఒకటి తెరిచాను.

మీరంతా మమ్మల్ని బిజీగా ఉంచడం ఎలా అని మాట్లాడుకుంటున్నారు గానీ ఒక్కరు కూడా 'వాడిని అడిగావా' అని ఆంటీని అడగలేదు. సెలవుల మొదటి పది రోజులు మాకు ఏమీ చేయాలనిపించదు, నిజంగా. పరీక్షల ముందు మూడు నెలలు పొద్దున ఐదింటికి లేపారు, ఆ నిద్ర బాకీ ఉంది. పదకొండింటికి లేస్తే ప్రపంచం మునిగిపోదు.

మా అమ్మ ఆఫీసు నుంచి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి ఏం చేస్తున్నావ్ అంటుంది. ఏం చెప్పాలో తెలియక చదువుకుంటున్నా అంటాను. అబద్ధమని ఆమెకీ తెలుసు. ఇద్దరం కాసేపు మౌనంగా ఉండి పెట్టేస్తాం. అడగాల్సింది 'అన్నం తిన్నావా' అని అయితే నిజమే చెప్పేవాడిని.

ఫోన్‌లో అంతసేపు ఉండేది ఫ్రెండ్స్ అందరూ అక్కడే ఉన్నారు కాబట్టి. ఎండలో బయటకు వెళ్లొద్దంటారు, ఇంటికి పిలిస్తే గోల అంటారు, మరి ఎక్కడ కలవాలి?

బెజవాడ_అమ్మ • ఏప్రిల్ 28, ఉదయం 7:12

బాబూ, నువ్వు రాసింది చదివి పొద్దున్నే కాసేపు ఊరికే కూర్చున్నాను. నేను కూడా మూడుసార్లే చేస్తాను. (నాలుగు.) ఇవాళ సాయంత్రం అడుగుతాను.

ఒంగోలు_స్టాఫ్‌నర్స్ • ఏప్రిల్ 28, మధ్యాహ్నం 3:40

నిద్ర విషయంలో ఆ అబ్బాయి చెప్పింది కొంత నిజం. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ పెద్దవాళ్లకంటే ఆలస్యంగా మొదలవుతుంది, అందుకే రాత్రి పన్నెండైనా కళ్లు మూతపడవు. పదమూడు నుంచి పద్దెనిమిది ఏళ్ల వాళ్లకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. కాబట్టి పొద్దున ఎనిమిదిన్నర దాకా పడుకోనివ్వండి, తిట్టొద్దు. ఫోన్ మాత్రం రాత్రి హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలి, మీది కూడా.

నేను వచ్చింది వేరే విషయం చెప్పడానికి. మేలో మా క్యాజువాల్టీకి వచ్చే టీనేజీ పిల్లల్లో వడదెబ్బ కంటే బండ్ల మీద పడినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు నాకు. 'సెలవులే కదా, మన వీధిలోనే కదా' అని నాన్నలే నేర్పిస్తారు. పదహారు నిండితే గేర్లు లేని 50 సీసీ బండికి మాత్రం ఇంట్లోవాళ్ల అంగీకారంతో లైసెన్సు ఇస్తారు, మిగతావన్నీ పద్దెనిమిది తర్వాతే. 2019లో చట్టం మార్చాక మైనర్ లైసెన్సు లేకుండా బండి నడిపితే చాలు, ప్రమాదం జరగకపోయినా, బండి ఇచ్చినవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. సైకిల్ కొనివ్వండి.

రెండోది కాలవలు. మీది విజయవాడ, చుట్టూ నీళ్లే. ఈత నేర్పించండి, తప్పకుండా నేర్పించండి, కానీ కోచ్ ఉన్న కొలనులో. కాలవలో నీళ్లు పైకి నెమ్మదిగా కనిపిస్తాయి, లోపల లాగేస్తాయి. ఒక్కడికి ఈత వచ్చి ముగ్గురికి రాని గుంపులే నేను చూసినవన్నీ. ఇంతకంటే రాయలేను.

కుట్టుమిషన్_మామయ్య • ఏప్రిల్ 28, సాయంత్రం 6:15

మా రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. పొద్దున టైపు ఇన్‌స్టిట్యూట్, ఏ ఎస్ డి ఎఫ్ కొట్టీ కొట్టీ వేళ్లు వాచేవి. సాయంత్రం హిందీ మాస్టారి అరుగు మీద ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఆగస్టులో ఉండేవి, కాబట్టి వేసవంతా దానికే. మధ్యాహ్నం ముంజలు, మామిడికాయలు.

నిద్రమత్తు16 • ఏప్రిల్ 28, సాయంత్రం 6:22

అంకుల్, టైపు ఇష్టంగానే వెళ్లేవారా?

కుట్టుమిషన్_మామయ్య • ఏప్రిల్ 28, సాయంత్రం 6:50

లేదు. పక్క మిషన్ మీద కూర్చునే అమ్మాయి కోసం వెళ్లేవాణ్ని. టైపు లోయర్ పరీక్ష రెండుసార్లు తప్పాను.

డల్లాస్_నాన్న • ఏప్రిల్ 29, ఉదయం 8:30

ఇక్కడ మాకు సెలవులు మే ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా, ఇంకా పొడుగు. మా అమ్మాయికి నిరుడు పదిహేను, ఆ వేసవిలో లైఫ్‌గార్డ్ శిక్షణ తీసుకుని మా ఊరి ఈతకొలను దగ్గర పని చేసింది. ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం పద్నాలుగు, పదిహేను ఏళ్ల వాళ్లు వేసవిలో రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై గంటలు మించి చేయకూడదు, రాత్రి తొమ్మిది దాటకూడదు. క్లాసులో డాక్టర్ల పిల్లలు కూడా ఐస్‌క్రీమ్ కొట్లో పనిచేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నది మా చుట్టాలే. 'ఏరా, అంత కష్టం వచ్చిందా, పిల్లని పనికి పంపుతున్నావ్?' అని ఇండియా నుంచి ఫోన్. వాళ్లలో ఒకాయన అదే నెలలో కొడుక్కి లక్షన్నర పెట్టి కోచింగ్ కట్టాడు. కడుపు మంటతో రాస్తున్నాను, క్షమించాలి.

మా పెద్దవాడి సంగతి వేరు, వాడిని తెనాలిలో అమ్మ దగ్గరికి ఐదు వారాలు పంపాం. మొదటి వారం రోజూ ఫోన్ చేసి ఏడ్చాడు. అమ్మకి ఇంగ్లీషు రాదు, వాడికి తెలుగు చదవడం రాదు. ఇద్దరూ మందుల షాపుకి, గుడికి, చుట్టాలిళ్లకి బస్సుల మీద తిరిగారు. వాడు ఆర్టీసీ బోర్డులు చదివి అక్షరాలు నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక వాడు తడుముకోకుండా చదివిన మొదటి తెలుగు మాట 'రేపల్లె'.

ఎండలో_పుస్తకం • ఏప్రిల్ 29, మధ్యాహ్నం 12:10

మాది చీరాల పక్కన వేటపాలెం. 'ఎక్కడ కలవాలి' అని ఆ అబ్బాయి అడిగాడే, దానికి జవాబు మా ఊళ్లో గ్రంథాలయం. సారస్వత నికేతనం, 1918లో పెట్టినది, 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. అందరి ఊళ్లో అంతటిది ఉండకపోవచ్చు, కానీ జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలు ఉంటాయి, వేసవిలో చాలాచోట్ల పిల్లలకి శిబిరాలు కూడా పెడతారు. ఫ్యాను ఉంటుంది, మంచినీళ్లు ఉంటాయి, అమ్మానాన్నలు ఉండరు.

అయితే 'చదువు' అని తోలితే ఎవడూ చదవడు. మేము ఐదారుగురు పిల్లలకి ఒక పని ఇచ్చాం, తెలుగు వికీపీడియాలో మన చుట్టుపక్కల ఊళ్ల వ్యాసాలు చూసి ఏం తక్కువైందో రాయండి అని. అది 2003 డిసెంబరు నుంచి ఉంది, ఎవరైనా దిద్దొచ్చు. చాలా ఊళ్లకి ఫోటో కూడా లేదు. పిల్లలు సాయంత్రాలు సైకిళ్ల మీద వెళ్లి చెరువు, గుడి, మగ్గాల ఇళ్లు ఫోటోలు తీసుకొచ్చి ఎక్కించారు, మగ్గాలవాళ్లని అడిగిన తర్వాతే. ఒకడు పుస్తకం చూసి మక్కీకి మక్కీ దించి రాస్తే పైనుంచి ఎవరో తీసేశారు, ఆధారం చూపించి సొంత మాటల్లో రాయమన్నారు. ఆ కోపంతో వాడు రెండు రోజులు గ్రంథాలయంలో పాత పుస్తకాలు తిరగేశాడు. మేము చెప్పి ఉంటే చచ్చినా తిరగేసేవాడు కాదు.

బెజవాడ_అమ్మ గారూ, మీ పాప వచ్చే ఏడాది తొమ్మిది కదా. ఇస్రో వాళ్ల యువికా అని తొమ్మిదో తరగతి పిల్లలకి మేలో రెండు వారాల కార్యక్రమం ఉంటుంది, శ్రీహరికోట కూడా ఒక కేంద్రం. దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలోనే అయిపోతాయి. ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి.

బెజవాడ_అమ్మ • మే 19, రాత్రి 9:55

చాలా రోజులైంది, జరిగింది జరిగినట్టు చెప్తాను.

బ్రిడ్జి కోర్సు మానేశాం. దానికి మా ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. మావాడిని కూర్చోబెట్టి ఏం చేయాలనుంది అని అడిగితే 'ఏమీ లేదు' అన్నాడు, చాలాసేపటికి 'డబ్బులు కావాలి' అన్నాడు. ఎందుకురా అంటే హెడ్‌ఫోన్స్‌కి. గోదారోడు గారి పోస్టు చదివాక గుర్తొచ్చింది, మా పిన్ని వాళ్లదీ కడియం పక్కనే నర్సరీ. బాబాయికి ఫోన్ చేస్తే 'పంపు, నాకూ ఓ మనిషి తక్కువగా ఉన్నాడు' అన్నాడు. పన్నెండు రోజులున్నాడు. నల్లగా కాలిన పెనంలా తిరిగొచ్చాడు. రెండు వేల నాలుగొందలు తెచ్చాడు, హెడ్‌ఫోన్స్ ఇంకా కొనలేదు, డబ్బు వైపు చూసుకుంటూ తిరుగుతున్నాడు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని బ్యాంకులో చెప్పారు, తెరిపించాను.

అంటు కట్టడం కూడా నేర్చుకున్నాడట. ఇప్పుడు సీజన్ కాదురా, వానలు పడ్డాక కడితే బతుకుతాయి అని బాబాయి అన్నా వినకుండా మూడు మామిడి అంట్లు కట్టి తెచ్చి బాల్కనీలో పెట్టాడు. పొద్దున ఏడింటికి వాటి కోసం లేస్తున్నాడు. నా కోసం ఎప్పుడైనా లేచాడా!

పాప విషయంలో ఓడిపోయాను. గ్రంథాలయానికి రెండు రోజులు వెళ్లి మానేసింది. షటిల్ ఒక్క రోజు. చివరికి మా అత్తగారు ఆవకాయ పెట్టడానికి వచ్చి, 'కాయలు తుడవవే' అని కూర్చోబెట్టారు. తుడిచింది. టెంక ఊడిపోకుండా కాయ కొట్టడం మావాడి పని అయింది. పాప అత్తగారిని ప్రశ్నలు వేసి (ఆవపిండి ఎంత, ఉప్పు ఎందుకు ఎండబెడతారు, మూడో రోజు ఎందుకు తిరగకలుపుతారు) అవన్నీ బొమ్మలతో ఒక పుస్తకంలో వేసింది. ఆవిడ ఏదీ కొలతగా చెప్పరు, 'చేతికి తెలుస్తుంది' అంటారు, పాప ఆవిడ గుప్పిట్లోంచి ఉప్పు లాక్కుని గ్లాసులో పోసి కొలిచింది. ఇద్దరికీ గొడవ. నేను గదిలోకి పోయి నవ్వుకున్నాను.

చాక్‌పీస్ గారూ, సర్టిఫికెట్లకి నాలుగుసార్లు తిరిగాడు. మీవాడి రికార్డు పోయింది.

చాక్‌పీస్ • మే 19, రాత్రి 10:20

నాలుగా! శభాష్. లెక్కలు?

బెజవాడ_అమ్మ • మే 19, రాత్రి 10:24

ఆ పుస్తకం ఇంకా అట్ట తెరవలేదు సార్. రేపటి నుంచి.

నిద్రమత్తు16 • మే 20, రాత్రి 1:15

రేపటి నుంచి అంటే మా భాషలో జూన్ 11 అని సార్.

ఒంగోలు_స్టాఫ్‌నర్స్ • మే 20, ఉదయం 6:30

నువ్వు ఇంకా పడుకోలేదా? రోహిణి కార్తె దగ్గరకొచ్చింది, మధ్యాహ్నాలు బయట తిరగకు.

గోదారోడు • జూన్ 13, సాయంత్రం 5:45

అమ్మగారూ, మా దగ్గర వాన పడింది, లారీలు వరస కట్టాయి. ఆ మూడు అంట్లు ఏమయ్యాయి?

బెజవాడ_అమ్మ • జూన్ 13, రాత్రి 9:10

రెండు ఎండిపోయాయండి. మూడోదానికి ఎర్ర చిగురు వచ్చింది, రెండు ఆకులు. మావాడు కాలేజీకి వెళ్తూ నీళ్లు పోయమని చెల్లెలికి అప్పజెప్పాడు, అది నెలకి యాభై రూపాయలు అడుగుతోంది. బేరం ఇంకా తెగలేదు.